ఆకుపచ్చ గౌను దొరసాని

అత్తగారు చెప్పేది నిజమా కాదా అన్న అనుమానం కోడలికి కాపురానికి వచ్చిన కొత్తలోనే పుట్టింది. పిల్లలు పెద్దవాళ్లయినా ఆ అనుమానం మాత్రం తీరలేదు.

"నా చేతులు ఆ పెద్ద మ్యూజియంలో గోడకి వేలాడుతున్నాయి" అనేవారు అత్తగారు, గిన్నెలు తోముతూ.

"మరి ఈ తోముతున్నవెవరివి?" అని మామగారు బతికున్నన్నాళ్లూ వేళాకోళం చేసేవారు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు.

కోడలికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్లయినా ముట్టని మనిషి, ఒకే అబద్ధాన్ని మాట మార్చకుండా ఇన్నేళ్లు చెబుతారా? చెప్పరు. మరి తన చేతులున్న బొమ్మని ఒక్కసారైనా వెళ్లి చూసుకోలేదేం? ఇక్కడికి వచ్చేసరికి కోడలి నమ్మకం కాళ్లు ముడుచుకుని కూర్చునేది.

కథ ఇదీ. పెళ్లికి ముందు అత్తగారు తన పిన్నితో కలిసి ఇళ్లకు వెళ్లి బట్టలు కుట్టేవారు. కత్తిరించి మిషను మీద కుట్టడం పిన్ని పని, కాజాలు తీసి గుండీలు కుట్టడం ఈవిడ పని. అలా వెళ్లిన ఒక గొప్పింట్లో దొరసాని బొమ్మ వేస్తున్నాడు ఒక చిత్రకారుడు. దొరసాని ముఖమైతే కదలకుండా పెట్టేది గానీ చేతులు మాత్రం నిమిషం నిలిపేది కాదు. ఆయనకు విసుగొచ్చి, మూల కూర్చుని కాజాలు తీసుకుంటున్న ఈ పిల్లను పిలిచి, దొరసాని ఆకుపచ్చ గౌను తొడిగించి, ఆవిడ కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ముఖం ఆవిడది, చేతులు ఈవిడవి. పిల్ల లేచినప్పుడల్లా బొమ్మ మీద గుడ్డ కప్పేసేవాడు. పూర్తయ్యాక చూపిస్తానన్నాడు. పూర్తి కాకముందే ఆ ఇంట్లో కుట్టుపని అయిపోయింది.

తర్వాత ఆ బొమ్మ మ్యూజియానికి చేరింది. అక్కడ పైహాల్లో ఏళ్ల తరబడి వేలాడింది. ఆమధ్య హాలు కప్పు కారుతోందని బొమ్మలన్నీ దించి గదిలో పెట్టి తాళం వేశారు. మొన్నీమధ్య హాలు బాగుచేసి తెరిచారని పేపర్లో పడింది. పక్కనే దొరసాని ఫొటో, మెడదాకా.

"ఈవిడే" అన్నారు అత్తగారు.

"చేతులు వేయలేదేం అత్తయ్యా?"

"పేపరువాళ్లనడుగు."

"ఎందుకూ, మనమే వెళ్లి చూసొద్దాం."

అత్తగారు మోకాళ్ల నొప్పులన్నారు, ఎండన్నారు, ఆరేసిన బట్టలన్నారు. కోడలు వినలేదు. రెండు టికెట్లు కొని, ఒకటి అత్తగారి చేతిలో పెట్టి, లోపలికి నడిపించింది.

లోపల అడుగుపెట్టగానే చల్లగా తగిలింది. మెడ వెనక్కి వంచితే గానీ కప్పు కనబడదు. నున్నటి రాతి నేల మీద చెప్పుల చప్పుడు రెండింతలై తిరిగొస్తోంది. పాలరాతి బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, సగానికి సగం చేతులు విరిగిపోయి.

"పాపం, వీళ్లకెవరికీ నన్ను పిలవాలని తోచలేదు" అన్నారు అత్తగారు.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గదులు దాటుతున్నకొద్దీ కోడలి కళ్లు ముఖాల మీద నిలవడం మానేశాయి. చేతులే చూస్తోంది. చూస్తే తమాషాగా ఉంది. ఒకాయన చేతులు కోటు జేబులో దాచుకున్నాడు. ఒకావిడవి శాలువా మడతల్లో మునిగిపోయాయి. ఒక సైన్యాధిపతి చేతులకు తొడుగులు. ముఖాలు దింపేసినంత తేలిగ్గా చేతులు వేయడం వీళ్లకు చేతకాదు కాబోలనుకుంది. మనిషికి చేతులు పెట్టడానికి దేవుడు కూడా కాస్త ఆలోచించే ఉంటాడనిపించింది.

పైహాలు మెట్ల దగ్గర అత్తగారు ఆగిపోయారు. పక్కనున్న కమ్మీ పట్టుకుని కదలరు.

"మోకాళ్లా?"

"కాదు" అన్నారు అత్తగారు. "నేను వచ్చేశాక అవి చెరిపేసి ఆవిడ చేతులే వేసుంటాడేమో. ఆవిడే ఒప్పుకోలేదేమో. చూడనన్నాళ్లూ నా మాట నాకుంది. చూశాక లేవనుకో, ఇంక నాకంటూ చెప్పుకోడానికి ఏం మిగుల్తుంది, గిన్నెలా?"

ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో కోడలికి అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్దామా అని అడగాలనిపించింది. అడగలేదు. చెయ్యి అందించింది. అత్తగారు ఒక్కో మెట్టూ ఎక్కారు.

దొరసాని హాలు చివరి గోడ మీద ఉంది. నిలువెత్తు బొమ్మ. ఆకుపచ్చ గౌను, పట్టుకుచ్చులా మెరుస్తోంది. చేతిలో ఒక గులాబీ.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, ముందుకు వంగి చూశారు. గోడలోంచి ఏదో కీచుమంది.

"గీత దాటకూడదమ్మా" అంది స్టూలు మీద కూర్చున్న కాపలా ఆవిడ, లేవకుండానే.

అత్తగారు వెనక్కి జరిగారు. చాలాసేపు చూశారు.

"ఇవి నావి కావు" అన్నారు.

"సరిగ్గా చూడండి."

"చూశానమ్మాయ్. తెల్లగా, పాలల్లో ముంచి తీసినట్టున్నాయి. ఉంగరాలు, పొడుగాటి గోళ్లు. నాకెప్పుడున్నాయి గోళ్లు? ఆవిడవే వేసుకున్నాడు. పద, బట్టలు తీయాలి."

అత్తగారి గొంతులో ఏడుపు లేదు. అదే కోడలికి భరించరానిదయింది. అవి మీవేనని ఎలాగో ఒకలా అనేసి తీసుకుపోవచ్చు. కానీ ఈవిడ దగ్గర అబద్ధమాడబుద్ధి కాలేదు. మళ్లీ బొమ్మకేసి చూసింది. రంగూ ఉంగరాలూ గోళ్లూ చిత్రకారుడు మార్చేయగలిగినవేనని వాటిని వదిలేసింది. ఆ చెయ్యి పువ్వును ఎలా పట్టుకుందో చూసింది.

కాడ బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఉంది. చూపుడువేలు పువ్వుకు తగలకుండా పైకి లేచి ఉంది, దారం ముడి జారకుండా నొక్కబోతున్నట్టు. చిటికెన వేలు అరచేతిలోకి మడిచి ఉంది, దారం కొస లోపల బిగించి పట్టుకున్నట్టు. గులాబీని ఎవరైనా అలా పట్టుకుంటారా? ఎవరూ పట్టుకోరు. కాజాలు తీసేవాళ్లు సూదిని పట్టుకుంటారు. గరిటె, మందుసీసా, పిల్లల చెవి, ఏదైనా సరే ఈవిడ అలాగే పట్టుకోవడం కోడలు రోజూ చూస్తూనే ఉంది.

"అత్తయ్యా, కదలకండి. మీ టికెట్టు చూడండి."

"పడేశానా?"

"లేదు. చేతిలోనే ఉంది. ఎలా పట్టుకున్నారో చూడండి."

అత్తగారు వంగి చూసుకున్నారు. టికెట్టు బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఉంది. చూపుడువేలు పైకి లేచి ఉంది. చిటికెన వేలు లోపలికి మడిచి ఉంది. వేళ్లు ముడతలు పడి, కణుపులు లావెక్కాయి. పట్టు మాత్రం అదే.

కాపలా ఆవిడ ఈసారి లేచి వచ్చింది. బొమ్మకేసి చూసింది, టికెట్టుకేసి చూసింది, మళ్లీ బొమ్మకేసి చూసింది.

"రోజంతా దీని ఎదురుగానే కూర్చుంటాను. ఈవిడ పువ్వును అలా గిల్లి పట్టుకుందేమిటా అనుకునేదాన్ని" అంది.

"గిల్లడం కాదమ్మా, కాజా" అన్నారు అత్తగారు. "నాకింకోలా పట్టుకోవడం రాదు. ఆయన సరిచేస్తూనే ఉన్నాడు. నేను మళ్లీ అలాగే పట్టుకునేదాన్ని. చివరికి విసిగి, ఉన్నదున్నట్టు వేసేసినట్టున్నాడు."

బొమ్మ కింద ఇత్తడి పలక మీద దొరసాని పేరొక్కటే ఉంది. దేవుడు ఒక మనిషికి ముఖమూ చేతులూ కలిపే ఇస్తాడు, ఈ చిత్రకారుడు ఒకరి ముఖానికి ఇంకొకరి చేతులు కలిపాడు, మరి ఈ బొమ్మ ఎవరిదనాలి అని కోడలికి సందేహం వచ్చింది. ఆ మాటే అడిగింది.

"ముఖం ఆవిడదేగా, ఉండనీ" అన్నారు అత్తగారు. "పేరు మోయడం నాకెందుకు?"

కాపలా ఆవిడ తన స్టూలు తెచ్చి గీతకు ఇవతల వేసింది. అత్తగారు కూర్చుని, కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"పూర్తయ్యాక చూపిస్తానన్నాడు. చూపించాడు" అన్నారు. "ఇంక ఆయన నాకేమీ బాకీ లేడు."