పాదరీ బండి కింది రాయి

రెండుసార్లు హారన్ మోగిందంటే రాయి పెట్టమని. ఒక్కసారి మోగితే గేటు తియ్యమని. ఆగకుండా మోగిందంటే సుమిత్ర ఆలస్యం చేసిందని. చేతికింద అంత మంచి హారన్ ఉండగా భార్యను పిలవడానికి చంద్రశేఖర్‌కు నోరెందుకు!

ఆ ఆదివారం సాయంత్రం అనంతగిరి గుట్ట మీద కూడా రెండుసార్లే మోగింది. సుమిత్ర పక్కసీటులోంచి దిగి, కాళ్ల దగ్గరున్న రాయిని తాడు పట్టుకుని లాగి, వెనక చక్రం కింద తోసి, అరచేత్తో బండి మీద రెండు దెబ్బలు చరిచింది. అప్పుడుగానీ దొరవారు బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. దిగి, నడుము విరుచుకుని, లోయను చూస్తూ, "ఆహా, ఇదీ స్వేచ్ఛంటే!" అన్నాడు. రాయి మట్టి ఇంకా సుమిత్ర చేతులకే ఉంది.

ఆ బండి ఒకప్పుడు వికారాబాద్ వైపు పల్లెలు తిరిగిన ఒక దొర పాదరీది. లోపల రెండు పడకలు, మడిచే బల్ల, వత్తుల స్టవ్వు, రేకు తొట్టి, కిటికీలకు పూల తెరలు. దొర తన దేశం వెళ్లిపోతూ అమ్మేస్తే, డెబ్బై ఏడులో చంద్రశేఖర్ కొన్నాడు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ కార్ఖానా ఉన్న పటేలుగారి అబ్బాయికి ఆ మాత్రం ముచ్చట ఉండొద్దా? ఊరంతా పాదరీ బండి అంటే, ఆయనొక్కడే "క్యాంపర్" అంటాడు, నాలుక కొంచెం మడిచి.

కొన్న నెలకే హ్యాండ్ బ్రేకు పోయింది. సీమ సామాను ఇక్కడ దొరకదన్నాడు మెకానిక్ గులాం నబీ. గేరులో పెట్టి ఇంజను ఆపితే చదునులోనే నిలుస్తుంది, దిగుడులో అదీ ఆగదు, పైగా ఆపితే మళ్లీ నలుగురు తోస్తేగానీ కదలదు. అందుకని అతనే ఒక నాపరాయిని ముక్కోణంగా చెక్కించి, తాడు కట్టి ఇచ్చాడు. "జర గరుకు గరుకుగ ఉండనియ్యి సేఠ్, గదే పట్టుకుంటది" అని మరీ చెప్పాడు. చంద్రశేఖర్ వింటేగా! తాండూరువాడికి రాయి కనబడితే చెయ్యి ఊరుకోదు. కార్ఖానాకు తీసుకుపోయి అద్దంలా పాలిష్ పట్టించాడు. కోటిపల్లి ప్రాజెక్టు కట్ట మీద ఆ నున్నటి రాయి కాస్తా చక్రం కిందినుంచి జారి, వచ్చి సుమిత్ర కాలి మీద పడింది. బొటనవేలి గోరు ఊడిపోయింది. "రాయి పెట్టుడు కూడ రాదానే నీకు? పదో తరగతి పాసైనవట!" అన్నాడు ఆయన, ఇద్దరు స్నేహితుల ముందు. వాళ్లు నవ్వారు. ఇంటికొచ్చాక సుమిత్రే సుత్తీ మేకూ తీసుకుని, కుంటుకుంటూ ఆ పాలిషంతా చెక్కి పారేసింది. అప్పట్నుంచి రాయి జారలేదు. ఆ సంగతి ఆయనకు నేటికీ తెలియదు. తన పాలిష్ రాయే ఆగుతోందనుకుంటున్నాడు పాపం.

నాలుగేళ్లుగా నెలకు రెండు ఆదివారాలు ఈ స్వేచ్ఛ నడుస్తోంది. తాండూరులో తెల్లవారుజామున లేచి చేసే పనే ధారూర్ దగ్గరో, బంట్వారం రోడ్డు పక్కనో చేస్తుంది సుమిత్ర, తల ఎత్తితే రేకుకు తగిలే వంటింట్లో. ఇంట్లో అయితే బోరింగు వాకిట్లోనే ఉంటుంది, ఇక్కడ బిందె పట్టుకుని వెతుక్కోవాలి. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, ఆ సోకు చూడాలంటే ఆయన మాటలు వినాలి. "ఇల్లే మన వెంబడి వస్తది దేవప్పా! హోటలు ఫికర్ లేదు, లాడ్జి ఫికర్ లేదు. యాడ ఆపితె గాడ వేడి వేడి రొట్టె!" రొట్టె ఆకాశంలోంచి రాలుతుంది కాబోలు. సేడం నుంచి కందులు కొనడానికి వచ్చే దేవప్ప, "భారీ అద రీ!" అని కన్నడంలో మెచ్చుకుంటాడు. రాళ్ల గని కాంట్రాక్టరు కిష్టప్ప మెచ్చుకోవడానికి కూడా నోరు ఖాళీ ఉండదు, తింటూనే ఉంటాడు.

అత్త రామమ్మ అయితే, "నీ అంత నసీబుదారు ఎవరే పిల్లా! మా కాలంల మొగోళ్లు మమ్ముల కచ్చురం బండి కూడ ఎక్కియ్యకపోతుండె. నీ మొగడు నిన్ను మోటరుల తిప్పుతుండు" అంటుంది. తిప్పుతున్నాడు నిజమే. రుబ్బురోలును కూడా బండిలో వేసుకుని తిప్పితే అది కూడా ఊళ్లు చూసినట్టే లెక్క.

అట్లాగని ఆమెకు బండి మీద కోపం లేదు. అబద్ధమెందుకు, ఇష్టమే. అందరూ గురకలు పెట్టే వేళ మెట్టు మీద కూచుని గ్లాసెడు చాయ్ తాగుతుంటే, కోటిపల్లి నీళ్ల మీద కొంగలు దిగడం చూస్తుంటే, ఎంత బాగుండేదో! ఒకసారి స్టీరింగు ముందు కూచుని, ఇట్లనే పోతే ఎంతదూరం పోవచ్చు అనుకుంది. సేడం, గుల్బర్గా, ఆ తర్వాత పేర్లు తెలియని ఊళ్లు. ఆ అరగంట కోసమే ఆమె మిగిలిన రోజంతా భరించేది. లోపల్నుంచి "చాయ్ ఏదే?" అని వినిపించగానే ఆ అరగంట అయిపోయేది.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, సోమవారం పదకొండు గంటలకు వికారాబాద్‌లో ఆమెకు ఇంటర్వ్యూ. బాలవాడి టీచరు ఉద్యోగం, తాండూరులోనే. పక్కింటి గౌసియాబీ కాగితం తెచ్చిచ్చి, "భరో బహెన్, పదోది చదివి గిన్నెలు తోముడేంది?" అని వెంటపడితే ధైర్యం చేసింది. కాగితం నింపుతుంటే చంద్రశేఖర్ వచ్చి భుజం మీంచి చూశాడు. 'అనుభవం' అన్న గడి దగ్గర ఆమె కలం ఆగింది. "గాడ ఏముంటది నీకు? ఏం పని చేసినవని?" అని కలం గుంజుకుని తనే అడ్డంగా ఒక గీత కొట్టాడు. తిన్నగా, నిండుగా, స్కేలు పెట్టి గీసినట్టు కొట్టాడు. పదకొండేళ్ల కాపురం ఆ గీతలో సరిపోయింది.

సోమవారం పొద్దున ప్యాసింజరు బండికి పోతానంది ఆమె. "ఇంట్ల మోటరు పెట్టుకుని రైలెక్కుతవా? నా ఇజ్జత్ ఏం కావాలె? ఆదివారం ఎట్లన్న అనంతగిరికి పోతున్నం. పొద్దుగాల దిగేటప్పుడు ఆఫీసు ముంగల్నే దించుత" అన్నాడు. నమ్మింది. నమ్మకం కాదు, అలవాటు.

ఆదివారం సాయంత్రం ఆమె ఉల్లిగడ్డలు కోస్తుంటే గుట్ట మీది నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి బండిని చూసి నిలబడిపోయాడు. మెల్లగా వచ్చి తలుపు నిమిరాడు.

"మా దొర బండి గదా ఇది! నేను యోహానునమ్మా. దీంట్ల తొమ్మిదేండ్లు వంట చేసిన."

సుమిత్ర పీట వేసి చాయ్ ఇచ్చింది. అవతల చంద్రశేఖర్, వెంట వచ్చిన దేవప్ప, కిష్టప్ప సీసా తెరిచి స్వేచ్ఛ గురించే మాట్లాడుకుంటున్నారు.

"డ్రైవరు కూడ నువ్వేనా తాతా?"

"ఏ, లేదమ్మా! వంటకు నేను. డ్రైవరు వేరే. బండి కడుగుటానికి, నీళ్లు తెచ్చెటానికి ఒకడు. ఘాట్ల మీద చక్రానికి రాయి పెట్టెటానికి క్లీనరొకడు. నలుగురం ఉంటిమి. నలుగురికీ జీతాలే. ఆదివారం ప్రార్థన అని సెలవు గూడ ఇస్తుండె." ఆయన చుట్టూ చూశాడు. "మరిప్పుడు ఎవరున్నరమ్మా?"

సుమిత్ర కత్తి ఆగింది. ఒకటి, రెండు, మూడు అని మనసులోనే వేళ్లు మడిచింది. బండి నడిపే పని ఒక్కటి ఆయనది. మిగిలిన ముగ్గురు నౌకర్లూ తనే. ఆ ముగ్గురు నౌకర్లలో ఒక్కరికి కూడా ఆదివారం లేదు.

యోహాను చాయ్ తాగి లేచి, కర్రతో పొదల మధ్య సన్నటి బాట చూపించాడు. "గీ అడ్డదోవల దిగితె గంటన్నరల వికారాబాద్‌ల ఉంటనమ్మా. ఆ మలుపు కాడ సడక్‌కు తగులుతది" అని చెప్పి నడిచిపోయాడు.

సోమవారం పొద్దున ఆరింటికే సుమిత్ర ముదురు నీలం నేతచీర కట్టుకుని తయారైంది. ఏడున్నరకు దేవప్ప లేచి జొన్నరొట్టె అన్నాడు. ఎనిమిదింటికి కిష్టప్ప లేచి పచ్చిపులుసు కూడా ఉంటే మజా అన్నాడు. కొంగు బొడ్లో దోపి రొట్టెలు చేసింది. చీర మీద పిండి పడింది. దులుపుకుంది.

"ఎనిమిదిన్నర అయింది. పదకొండింటికి పిలిచిండ్రు, ఇనుండ్రి."

"సర్కారోళ్ల పదకొండంటె పన్నెండు! గంత పరేషాన్ ఎందుకే? వచ్చేటి కొలువా, పాడా? ఇంకో రెండు రొట్టెలు వెయ్యి."

ఆమె ఇంకో రెండు రొట్టెలు వేసింది. అవే ఆఖరివని అప్పటికి ఆమెకే తెలియదు.

తొమ్మిదింటికి, కదలని బండిని మగవాళ్లు ముగ్గురూ ఆపసోపాలు పడుతూ దిగుడులోకి తోసి స్టార్టు చేశారు. తిన్న రొట్టెలు అక్కడికే అరిగిపోయినట్టున్నాయి, స్నేహితులిద్దరూ వెనక పడకల మీద వాలిపోయారు. సుమిత్ర తలుపు మూసి బయటి గడియ వేసింది. లోపలి గడియ ఏనాడో పోయింది, ఆ తలుపు బయటినుంచి తప్ప తెరుచుకోదు. అదీ ఆమె పనే. ముందుకొచ్చి రాయిని కాళ్ల దగ్గర పెట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూచుంది.

మొదటి మలుపు. చంద్రశేఖర్ బ్రేకు తొక్కాడు. పక్కనే ఉన్న భార్యకు కూడా హారనే, రెండుసార్లు.

"ఎందుకు ఆపిండ్రు?"

"చూడు, ఏం సీనున్నదో! నాలుగు ఫొటోలు తీసుకుందం. నువ్వు జర చాయ్ పెట్టు. వాళ్లకు తలకాయ నొస్తుందట."

సుమిత్ర ఆయన ముఖంలోకి చూసింది. చాలా రోజులైంది అంత తేరిపార చూసి. కోపంతో చూస్తోందనుకున్నాడేమో, నవ్వాడు. కోపం కాదు. ఛీ, ఈ మనిషికా నేను పదకొండేళ్లు భయపడ్డది అనుకుంది. కారణం లేకుండానే భయం పోయింది. పోయాక చూస్తే ఆయన చాలా చిన్నగా కనిపించాడు, అంత పెద్ద స్టీరింగు వెనక.

సంచి భుజాన వేసుకుని దిగింది. రాయిని రెండు చేతులా ఎత్తి, తను కూచున్న సీటు మీద పెట్టింది. తలుపు వేసింది.

"రాయి పెట్టినవా?"

"పెట్టిన. సీటు మీద."

"సీటు మీదనా? దిమాక్ ఉన్నదా? చక్రం కింద పెట్టు!"

"మీరే పెట్టుకోండ్రి."

"నేనెట్ల పెడ్తనే? కాలు బ్రేకు మీద ఉన్నది గదా!"

"ఉంటది మరి," అంది సుమిత్ర. "నాలుగేండ్ల సంది నా కాలు ఎక్కడున్నదో మీకెరుకనా?"

అడ్డదోవ మలుపు పక్కనే మొదలవుతోంది. ఆమె దిగింది. వెనక హారన్ రెండుసార్లు మోగింది. మళ్లీ రెండుసార్లు. తర్వాత ఆగకుండా మోగింది. బండి లోపల్నుంచి దేవప్ప, కిష్టప్ప తలుపు గుద్దుతున్నారు. ఇల్లే వెంబడి వస్తుందన్నారు కదా, కొంచెంసేపు ఇంట్లో ఉండనీ! పాదం జారకుండా ముళ్లపొదలు తప్పించుకుంటూ నడిచింది. గోరు మళ్లీ సరిగా మొలవని బొటనవేలు నొప్పెట్టింది. ఎదురుగా దూరంగా వికారాబాద్ స్టేషన్ పొగ కనిపించింది. నవ్వొచ్చింది. ఒంటరిగా గట్టిగా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా.

పదకొండుకు పది నిమిషాలుండగా ఆఫీసు మెట్లెక్కింది. చీర కుచ్చిళ్లకు పల్లేరుకాయలు. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, పిలిచాక లోపలికి వెళ్లింది.

ఆఫీసరు పేరు అరుణాదేవి. నడివయసు, లావు కళ్లద్దాలు. కాగితం తిప్పి చూసి, ఒక గడి దగ్గర వేలు పెట్టింది.

"చదువు బాగుంది. అనుభవం దగ్గర గీత కొట్టారే? ఇంతవరకూ ఎక్కడా పని చెయ్యలేదా?"

"ఆ గీత నేను కొట్టలేదు మేడం. మా ఆయన కొట్టిండు."

అరుణాదేవి తల ఎత్తింది.

"పని చేసిన. ఒక క్యాంపు బండి మీద, నాలుగేండ్లు. వంట చేసిన. నీళ్లు మోసిన, బండి కడిగిన. ఎక్కడ ఆగితే అక్కడ చక్రం కింద రాయి పెట్టిన. నాకంటే ముందు ఆ మూడు పనులకు ముగ్గురు మొగోళ్లు జీతం తీసుకున్నరు. ఇంట్ల చేసింది వేరే, అది పదకొండేండ్లు."

ఆఫీసరు పెన్ను మూత తీసింది. సరిగ్గా అప్పుడే బయట రోడ్డు మీద హారన్ మోగింది. రెండుసార్లు. ఆఫీసు ముందు రోడ్డు స్టేషను వైపు బాగా దిగుడు. కాసేపటికి మళ్లీ రెండుసార్లు. తర్వాత ఆగకుండా, చెవులు చిల్లులు పడేట్టు మోగింది. ప్యూను పరుగున వచ్చాడు.

"మేడం, గేటు కాడ ఏదో సీమ బండి. నడిపెటాయన దిగుతలేడు, వెనక లోపల్నుంచి ఎవరో తలుపు గుద్దుతున్నరు. ఎవర్నో పిలువుమంటున్నడు, రాయి పెట్టాలెనట!"

అరుణాదేవి కిటికీ వైపు చూసి, సుమిత్ర వైపు చూసింది. పిండి మరకల చీర, పల్లేరుకాయలు, ఒళ్లో కదలకుండా ఉన్న చేతులు. కళ్లద్దాలు సర్దుకుని, గీత పైన ఉన్న కాస్త ఖాళీలో రాయడం మొదలుపెట్టింది.

"ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నారా?" అని అడిగింది.

హారన్ మోగుతూనే ఉంది.

"లేదు మేడం," అంది సుమిత్ర. "పొద్దున్నే మానేసిన."