గుండ్లకుంట ఈకగాలం

మందుల ఫ్యాక్టరీ పైపును గుండ్లకుంటలోకి తిప్పినవాళ్లారా, తిప్పుతుంటే గట్టు మీద నిలబడి టీ తాగి పోయినవాళ్లారా, మిమ్మల్నే అంటున్నాను. ఆ కుంటను చంపుతున్నది మీరే. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. గుచ్చుకోవడమే నా పని.

నేను ఒక గాలాన్ని. చిటికెనవేలి గోరంత ఉంటాను. సంతలో ఇనుప సామాన్ల మధ్య పడి ఉంటే బెస్త బాలమల్లు కొన్నాడు. అందరిలాగా ఎరగా వానపామును గుచ్చలేదు. పుంజు మెడ మీది ఈక తెచ్చి, కూతురు సుగుణవ్వ చీర అంచులోంచి లాగిన దారంతో నా నడుముకు చుట్టి, మునగకుండా తేనెమైనం రుద్దాడు. గుండ్లకుంటలో బేడిసలు ఉంటాయి, వెండిలా మెరిసే చిన్న చేపలు. నీళ్ల మీద వాలిన పురుగును పైకొచ్చి అందుకోవడం వాటి అలవాటు. నేను ఆ పురుగు వేషం కట్టాను.

"బ్రహ్మదేవుని పని నువ్వు పట్టుకున్నవా నాయినా?" అని సుగుణవ్వ ఎగతాళి చేసింది.

"ఆయన చేసిన పురుగు ఒక్కపూట బతుకుతది. నాది నాకంటే ఎక్కువ బతుకుతది, చూడు."

పొద్దున్నే పురుగులు పొగలా లేచే కుంట అది. నిజం పురుగు అంత దొరుకుతుంటే ఈ ఈక ముక్క ఎవరికి కావాలి? బేడిస నా కిందికొచ్చి, ఓసారి చూసి, మొహం తిప్పుకుని పోయేది. పూటంతా కూర్చుంటే కూరకు సరిపడా దొరకడమే గొప్ప. చేపకు ఉన్న ఆ పాటి తెలివి మనుషులకు లేకపోయింది. ఫ్యాక్టరీవాళ్లు ఉద్యోగాలని చెప్పి వేసిన గాలానికి ఊరు ఊరంతా నోరు తెరిచింది.

పైపు వచ్చిన ఎండాకాలం ఒక వింత జరిగింది. నన్ను వేసిన ప్రతిసారీ చేప పడింది. గంప నిండింది. బాలమల్లు వాడంతా పంచాడు. "నా చెయ్యి ఇప్పుడు తిరిగింది బిడ్డా" అని మీసం దువ్వాడు.

సుగుణవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "ఇది కూరనా, గోలీల సీసనా?"

బాలమల్లు గట్టుకు పోయి నీళ్లను చాలాసేపు చూశాడు. ఒక్క పురుగు లేదు. "ఆకలికి వచ్చినయి బిడ్డా" అన్నాడు. "నా పనితనం అనుకున్న."

తర్వాత తెల్లటి పొట్టలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నీళ్లలో దిగిన బాలమల్లు కాళ్లు పుండ్లు పడ్డాయి. నేను సుగుణవ్వ చేతికి వచ్చాను.

ఊరు ఫిర్యాదు చేస్తే ఒక ఆఫీసరు వచ్చాడు. ముక్కుకు చేతిరుమాలు. "చేపలెక్కడున్నాయమ్మా? ఇది మురుగ్గుంట" అన్నాడు. చేపలు లేవని ఆయన రాసుకుపోతే పైపుకు ఇక అడ్డే ఉండదు. కానీ బండ కింద ఊట ఉన్న మూలలో కాసిన్ని నీళ్లు ఇంకా తేటగా ఉన్నాయి. సుగుణవ్వ అక్కడికి నడిచింది. నన్ను రాయి మీద పెట్టి, నా కొసన వెనక్కి తిరిగి, చేప నోటిని చీల్చే ముల్లును అరగదీసింది. "చూపియ్యాలె, చంపొద్దు" అని తనలో తను అనుకుంది.

నేను నీళ్ల మీద వాలానో లేదో, ఒక బేడిస అందుకుంది. ఎన్నో నోళ్లు చూశాను, ఇంత తేలికైన నోరు చూడలేదు. కొట్టుకోలేదు కూడా. సుగుణవ్వ చెయ్యి తడుపుకుని దాన్ని పట్టింది. పొట్ట నిండా గుడ్లు.

"ఇగో సారూ, పాణమున్నది. కడుపుతోటి ఉన్నది."

"ఒక్కటేగా."

"మా ఊరికి మీరు గూడ ఒక్కరే వచ్చిండ్రు. మిమ్ములను మేము లెక్కల పెట్టుకోలేదా?"

చేపను నీళ్లలో వదిలింది. ఆయన నవ్వి, వానలయ్యాక చూద్దామని జీపెక్కాడు.

వానలయ్యాక చూడటానికి ఏం మిగులుతుంది? పైపు మూతి దగ్గర పేరుకున్న నల్ల బురదను తొలి వానే ఊట మూలకు ఈడ్చుకుపోతుంది. ఆ గుడ్లతో సహా అంతా అయిపోతుంది.

అందుకే ఇవాళే పైపు మూయండి. ఆ బురదను ఎత్తి మీ ఫ్యాక్టరీ లోపలే పోసుకోండి. బాలమల్లు కాళ్లకు మందు మీరే వేయించండి, మందులు చేసేది మీరే కదా. కుంట మీద పురుగులను మళ్లీ లేవనివ్వండి. కడుపు నిండిన బేడిస ఒకటి నా కిందికొచ్చి, నన్ను చూసి, మొహం తిప్పుకుని పోవాలి. అది చూసేదాకా నేను తుప్పు పట్టను.