పేరు మాత్రం గుయ్‌హువాది

ఏడో మగ్గం మళ్ళీ ఆగింది. నాలుగోదాని దగ్గర తెగిన పోగు ముడివేస్తూనే గుయ్‌హువా తల తిప్పి చూసింది. అక్కడికి పరిగెత్తేలోగా ఎనిమిదోదీ ఆగిపోయింది. నిన్నటిదాకా మనిషికి ఆరు మగ్గాలు. ఈ ఉదయం నుంచి ఎనిమిది. జీతం మాత్రం పాతదే.

"రచయిత్రిగారూ, కాస్త నెమ్మది!" పక్క వరసలోంచి జిన్‌మెయ్ అరిచింది. ఆ హోరులో అరిస్తేనే మాట వినపడుతుంది. "మీరలా ఉరికితే రేపు పది చేస్తారు!"

గుయ్‌హువా ఏడోదాని మీదికి వంగి తెగిన పోగు వెతికింది. కమ్యూనిస్టు పార్టీ సిద్ధాంత పత్రిక కొత్త సంచికలో ఆమె పేరుతో ఒక వ్యాసం వచ్చింది. ఎనిమిది మగ్గాలు నడపడం కార్మికుల చైతన్యానికి గుర్తనీ, తానే కోరి తీసుకున్నాననీ అందులో ఉంది. అది చూపించే మిల్లులో అందరికీ ఎనిమిదేసి అంటగట్టారు.

ఆకులు రాలే రోజుల్లో పత్రిక మనిషి ఒకాయన చైనాలో, హెనాన్‌లోని ఈ మిల్లుకు వచ్చిన మాట నిజం. పని ఎలా ఉందని అడిగాడు. ఆరింటితోనే కాళ్ళు వాచిపోతున్నాయని ఆమె చెప్పింది. ఆయన తలూపుతూ అంతా రాసుకున్నాడు. తమ గోడు పైవాళ్ళ చెవిన పడుతుందని ఆరోజు అత్తగారితో సంబరంగా చెప్పుకుంది కూడా.

షిఫ్టు దిగినా ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు. భోజనశాలలో అధ్యయన సమావేశం. వ్యాసం గుయ్‌హువాయే పైకి చదవాలి. మిల్లు పార్టీ శాఖ కార్యదర్శి తాన్ ఆమెను పక్కకు పిలిచి పత్రిక చేతికిచ్చాడు. అతని కళ్ళ కింద కూడా నిద్రలేని నలుపు.

"కాస్త గొంతు పెంచి చదవండి, కామ్రేడ్. జిల్లా నుంచి మనుషులొచ్చారు. మిల్లు కట్టిస్తున్న కొత్త ఇళ్ళలో గది మీకే ఇద్దామనుకుంటున్నాం."

ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే గది, మధ్యలో తెర, తెరకు అవతల దగ్గుతూ అత్తగారు. గుయ్‌హువా వెళ్ళి నిలబడి పత్రిక తెరిచింది.

"ఎనిమిది మగ్గాల మధ్య తిరుగుతుంటే నాకు అలసటే తెలియదు..."

ఎవరో నవ్వబోయి దగ్గారు. ముందు బల్ల మీద కూర్చున్న తోటి కార్మికురాలు సుయున్ బూట్లు విప్పేసి, కళ్ళు మూసుకుని పాదాలు ఒత్తుకుంటోంది. ఆమెకిప్పుడు ఆరో నెల.

గుయ్‌హువా ఆగిపోయింది.

"ఇది నేను అనలేదు."

"ఏమిటీ?" తాన్ లేచాడు.

"నాకు అలసట తెలుస్తుంది. నిలబడే ఓపిక కూడా లేదు. మిగతాది రాసినాయన్నే చదవమనండి."

"అచ్చులో మీ పేరే ఉంది కదమ్మా," గొంతు తగ్గించి అన్నాడు తాన్.

"పేరొక్కటే నాది." పత్రిక అతని చేతిలో పెట్టి, వెళ్ళి సుయున్ పక్కన కూర్చుంది.

తాన్ జిల్లావాళ్ళ వైపు చూశాడు. తరవాత పత్రికను జిన్‌మెయ్ ముందుకు చాచాడు. "నువ్వు చదువు."

"కళ్ళజోడు తెచ్చుకోలేదండీ," అంది జిన్‌మెయ్. ఆమె ఏనాడూ కళ్ళజోడు పెట్టుకున్నది కాదు.

తాన్ పక్కామె వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది. పత్రిక పట్టుకున్న అతని చెయ్యి అలాగే గాలిలో ఉంది.