పిలిస్తెనే ఇడువాలె

గేటు కాడ బ్యాగులు నాగరాణి మొఖం మీద పడ్డయి. ఇసిరినోడు సూపర్‌వైజర్ అమరేందర్.

"జిప్పులన్ని ఊడిపాయె. పట్నం దుకాణపోళ్లు వాపస్ పంపిండ్రు. రేపటిసంది రాకు, పో!"

ఆమె మొగడు దవాఖానల పడి ఉన్నడు. గీ కూలే ఆ ఇంటికి బువ్వ. భువనగిరి అవతల ఆ బడిబ్యాగుల షెడ్డుల మిషిన్లు మాత్రం నడుస్తనే ఉన్నయి.

నాగరాణి పక్క మిషిన్ భద్రమ్మది. ఆమెకు తెల్వదా? జిప్పులు సేటు బామ్మర్ది కంపెనీకెల్లి వస్తయి, పండ్లన్ని వంకరే. గుంజి చూద్దామంటె సందేది? కోత బల్ల మీదికెల్లి ముక్కలు కుప్పలు కుప్పలు వచ్చి పడుతనే ఉంటయి. పట్నంల కొనేటోడున్నడా, పక్కదాని చెయ్యి ఖాళీ అయిందా, ఎవలికి ఫికర్? తొయ్యి, కుట్టు, తొయ్యి! తప్పు ఆ కుప్పల దాగి లారీ ఎక్కుతది. వాపస్ వచ్చినంక కుట్టినదాని నెత్తిన కూసుంటది.

పగటి బువ్వ కాడ భద్రమ్మ సద్ది మూత తియ్యలే.

"మా గొర్ల మందల చిన్నపిల్లలను దొడ్డిల పెడ్తం. పొద్దూకి తల్లులు మేసొస్తయి. ఏ తల్లి అరిస్తె దాని పిల్లనే ఇడుస్తం. అన్నింటిని ఒక్కపారి తోలితె తొక్కుకోని సస్తయి, తల్లేదో పిల్లేదో తెల్వది."

కోత బల్ల గిరి నవ్విండు. "అయితె మేం గొర్రెలమా అవ్వా?"

"వాటికున్న తెలివి నీకేడిది కొడుకా? అడగకముందే కోసి మా మీద పోస్తవు!"

"కొయ్యకుంటె నన్ను తిడ్తడు గదా!"

"ఒక్కన్ని తిడ్తడు. అందరం ఆగితె ఎవల్ని తిడ్తడు?" అన్నది భాగ్యలక్ష్మి. జిప్పులు కుట్టే పిల్ల.

తెల్లారి షెడ్డుల కొత్త మాట లేసింది. చెయ్యి ఖాళీ అయినామె "రానియ్!" అంటది, అప్పుడే ఎనుకామె ఇస్తది. జిప్పు గుంజి చూసినంకనే కుట్టుడు. మొదటిదే పటుక్కున ఊడింది. భాగ్యలక్ష్మి చెయ్యి లేపింది. మిషిన్లన్ని ఆగినయి.

సేటు ఉరికొచ్చిండు. "మాపటికి లారీ పోవాలె! ఏందే ఈ తమాష?"

"జిప్పు నీది, తొందర నీది. తప్పు నాగరాణిది ఎట్లయితది సేటూ? మంచి జిప్పులు తెప్పియ్యి. ఆ పిల్లను పిలువు. అప్పుడు కుడ్తం" అన్నది భద్రమ్మ.

జిప్పులు రాలే, పోలీసు జీపొచ్చింది. పని బంద్ పెట్టించిందని భద్రమ్మ రెక్క పట్టిండ్రు. "జర ఆగుండ్రి నాయినా, చెప్పులు తొడుక్కోనియ్యుండ్రి" అని, జీపెక్కి ఎనుకకు మర్రి చూసింది. "అడగకుంట ఇయ్యకుండ్రి!"

జీపు పోయింది. అమరేందర్ తనే కుప్పలు మోసుకొచ్చి బల్లల మీద కుమ్మరిచ్చిండు. "పట్టుండ్రి! కుట్టుండ్రి!"

ఒక్క చెయ్యి కదలలే. ముక్కలు జారి కింద పడ్డయి. గిరి కత్తెర బల్ల మీద పెట్టిండు.

"ఎవ్వలు పిలుస్తలేరు సార్. నేనెందుకు కొయ్యాలె?"

అందరు లేచి గేటు కాడికి పోయిండ్రు. గేటుకు తాళం. మల్ల పని అడుగుదామని వచ్చి అవతల రోడ్డు మీద నాగరాణి నిలవడ్డది, నిన్నటి తిట్లు ఇంక మొఖం మీదనే ఉన్నయి. భాగ్యలక్ష్మి ఊసలు పట్టుకోని గొంతు చించుకోని పిలిచింది.

"నాగరాణీ... రా! భద్రవ్వా... రా!"

ఎనుక అందరు అందుకున్నరు. పిలుసుడు ఆపలే. గోడవతల ఇంకో సేటు షెడ్డు, ఆడ గూడ మిషిన్లు నడుస్తున్నయి. జరసేపటికి ఆ చప్పుడు తగ్గింది. ఒక్కొక్క మిషినే ఆగుకుంట వచ్చింది.