పదో నెల వీడియో

టీకాలకీ ఆటిజానికీ సంబంధం ఉందో లేదో తేల్చే పరిశోధనలో చెల్లెలిది లెక్కలు కట్టే పని. లక్షల మంది పిల్లల వివరాలు జల్లెడ పట్టి, టీకా వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ తేడా లేదని ఆ ఉదయమే తేల్చారు. ఆ సంతోషం గంటసేపైనా నిలవలేదు. బావ ఫోన్ చేశాడు.

"పక్క వీధిలో ఇద్దరు పిల్లలకి తట్టు సోకింది. మీ అక్క చంటాడికి టీకా వద్దంటే వద్దంటోంది. నువ్వొక్కసారి రామ్మా."

అక్క పెద్దకూతురు బుజ్జికి ఆటిజం, ఐదేళ్లొచ్చినా మాటల్లేవు. ఏడాది నిండాక వేయించిన సూదే కారణమని అక్క నమ్మకం.

తలుపు తీస్తూనే అక్క విరుచుకుపడింది. "లెక్కలు చెప్పడానికొచ్చావా? నీ లక్షల్లో నా బుజ్జి ఎక్కడుందే?" అంటూ ఫోన్ చేతిలో కుక్కింది. "సూదికి ముందు ఎలా నవ్వేదో నువ్వే చూడు!"

వీడియోలో పది నెలల బుజ్జి నేలమీద కూర్చుని గిన్నె మూత గిరగిరా తిప్పుతూ నవ్వుతోంది. వెనకనుంచి అక్క పిలుస్తోంది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. పాప తల తిప్పలేదు.

చెల్లెలు వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఇప్పుడీ మాట ఎలా చెప్పడం?

"అక్కా, నవ్వు కాదు. నువ్వు పిలవడం విను. ఐదుసార్లు పిలిచినా తిరగలేదు, అప్పటికింకా ఆ సూదే వెయ్యలేదు."

అక్క విన్నది. మళ్లీ పెట్టుకుని విన్నది.

"అంటే, కన్నతల్లినై ఉండి గమనించుకోలేదంటావు."

"వీడియో తీసింది నేనేనే. నేను మాత్రం గమనించానా?"

అక్క గోడకు ఆనుకుని కూలబడింది. "ఆరోజు గింజుకుంటుంటే కాళ్లు కదలకుండా నేనే పట్టుకున్నా. నా చేతులారా చేశానని ఇన్నేళ్లూ..."

"నువ్వేం చెయ్యలేదక్కా."

అక్క లేచి చంటాణ్ణి ఎత్తుకుంది. "పద. కానీ వాణ్ణి నువ్వే పట్టుకో. నావల్ల కాదు."

ఆస్పత్రిలో నర్సు సూది వేస్తుంటే చంటాడు టాపు లేచిపోయేలా ఏడ్చాడు. అక్క బుజ్జి చెయ్యి పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. చెల్లెలి ముఖం చూడలేదు.

వారానికి వాడికి జ్వరం తగిలింది. ఇది మామూలేనని నర్సు ముందే చెప్పినా, రెండ్రోజులూ చెల్లెలి ప్రాణం ప్రాణంలో లేదు. మూడోరోజు అక్క ఫోన్ చేసింది.

"తగ్గింది. పాలు తాగాడు," అని పెట్టేసింది.