పద్నాలుగో అంతస్తు చలి

పాతికేళ్ల కిందట ఒక సర్కారు ఆఫీసు కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి, ఎండాకాలమంతా నీళ్లు చల్లడం నా పని. గది చల్లబడగానే లోపలివాళ్లు బాలనర్సయ్యా అని పిలిచి చాయ్ పోసేవారు. తర్వాత కూలర్లు, కిటికీ ఏసీలు వచ్చాయి. ఇప్పుడు హైటెక్ సిటీలో ఇరవై అంతస్తుల అద్దాల మేడకు చల్లగాలి పంపేది నేనే. అక్కడ ఒక్క కిటికీ తెరుచుకోదు. నేనుండేది సెల్లార్‌లో, మిషన్ల హోరులో. మనిషి ముఖం కనపడదు, కంప్యూటర్లో ఫిర్యాదు మాత్రం కనపడుతుంది. పనిలో ఎదిగినకొద్దీ మనుషులకు దూరమయ్యాను. ఇదేం ఎదుగుదలో ఏమో.

ఆ ఫిర్యాదుల్లో ఒక్కటే చుట్టంలా అనిపించేది. పద్నాలుగో అంతస్తు, భ్రమరాంబ. మూడేళ్లుగా రోజూ మధ్యాహ్నం చలిగా ఉందండి అని రాసేది. నేను అటువైపు చలి తగ్గించి, తగ్గించానని రాసేవాణ్ణి. వెంటనే థ్యాంక్సండి అని వచ్చేది. మిగతావాళ్లకు ఆ మర్యాద కూడా లేదు. ఒక్కరికైనా సుఖమిస్తున్నానని గర్వపడేవాణ్ణి.

నిన్న మరీ చలిగా ఉందని రాసింది. ఇరవై ఆరు డిగ్రీల్లో పెట్టినా చలేమిటని రోషమొచ్చి, నిచ్చెన భుజాన వేసుకుని పైకెళ్లాను.

హాలంతా ఖాళీ కుర్చీలు. ఒక మూల యాభై దాటిన ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుంది. నెత్తిమీద చలిగాలి కొడుతోంది. సీలింగ్ పలక తీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. నేను కింద నుంచి చలి తగ్గించే గాలి గొట్టం ఆమె వైపు రానే రాదు. ఎప్పుడో గోడలు మార్చి కట్టారు, కింద నా దగ్గరున్న నక్షా ఎవరూ మార్చలేదు. మూడేళ్లూ నేను వెచ్చబెట్టింది పక్కనున్న పాత కాగితాల గదిని.

"మేడం, మీకు ఒక్కరోజు గూడ చలి తగ్గలేదు గద. మరి థ్యాంక్స్ ఎందుకు రాసిన్రు?"

"మీరు తగ్గించానని రాసేవారు కదండీ. రోజంతటిలో నాకు జవాబిచ్చేది మీరొక్కరే. తగ్గలేదంటే విసుక్కుని అదీ మానేస్తారేమోనని."

సిగ్గేసింది. నిచ్చెనెక్కి ఆమె నెత్తిమీద గాలి వచ్చే మూతను చేత్తోనే బిగించాను. కాసేపటికి ఆమె శాలువా తీసి మడిచింది. ఈ అంతస్తు ఖాళీ చేస్తున్నారని, రేపటి నుంచి తనకు ఇంటి నుంచే పనని చెప్పింది. ఆ తర్వాత ఇద్దరం ఆ వెచ్చదనంలో చాలాసేపు కూర్చున్నాం, ఎదురెదురుగా ఏం మాట్లాడుకోవాలో తెలియక.