తిప్పి వేసిన పైచర్మం

అక్క పోయింది గానీ, ఆమె చేత్తో పరిచిన చర్మం ఇంక్యుబేటర్‌లో ఇంకా బతికే ఉంది. కోడిపిండం వీపు నుంచి తీసిన గోరంత ముక్క అది. గాజు డిష్‌లో, గులాబీరంగు పోషకద్రవం మీద, వెచ్చగా కూర్చుని దాని పాటికి అది ఈకల మొగ్గలు వేసుకుంటోంది. రేపోమాపో దాన్ని చంపాలి. చంపాల్సింది చెల్లెలు.

చంపడం అనే మాట ఆ ల్యాబ్‌లో ఎవరూ వాడరు. ఫిక్స్ చెయ్యడం అంటారు. ఫార్మలిన్ పోస్తే కణాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి, ఆ తర్వాత తీరిగ్గా కోసి చూసుకోవచ్చు. పేరు ఎంత మర్యాదగా పెట్టుకున్నా జరిగేది అదే.

అక్కాచెల్లెళ్ళది ఒకటే బల్ల. పిండం చర్మాన్ని రెండు పొరలుగా విడదీశాక లోచర్మం అక్క పరిచేది, దాని మీద పైచర్మం చెల్లెలు కప్పేది. తల వైపు ఏదో గుర్తుండటానికి రెండు పొరలకీ ఒక్కో మూల చిన్న గాటు పెట్టేవాళ్ళు. ఈక మొలవాలంటే ఈ రెండూ మాట్లాడుకోవాలి. లోచర్మంలో కణాలు ఒకచోట గుంపు కడితే, సరిగ్గా వాటి మీద పైచర్మం మందమెక్కి మొగ్గ లేస్తుంది. బల్లి పొలుసుకైనా, ఎలుక వెంట్రుకకైనా, కోడి ఈకకైనా మొదలు ఇదే. ఎప్పుడో ఆ మూడింటికీ మూలమైన ఏదో జంతువు ఒంటి మీద మొదలైన సంభాషణ, ఇన్ని కోట్ల ఏళ్ళయినా ఆ పొరలు మర్చిపోలేదు.

మొగ్గ ఎక్కడ వెయ్యాలో లోచర్మం చెబుతుందని అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒప్పుకుంటారు. మొలిచిన ఈక ఎటు వాలాలో ఎవరు చెబుతారన్న దగ్గరే పేచీ. పైచర్మమే చెబుతుందని పాతవాళ్ళు రాసిపెట్టారు. పాతవాళ్ళు రాసిపెట్టింది కాబట్టే అక్క దాన్ని నమ్మదు.

"అన్నీ కిందవాళ్ళే చెప్తారే తోకా. మీ పైవాళ్ళ పని వినడమే" అనేది. చిన్నప్పుడు ఎప్పుడూ వెనకాలే తిరిగేదని చెల్లెలికి తోక అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

"చెప్పినట్టల్లా వినడానికి మేమేమన్నా గొర్రెలమా?"

"కాదు. కోళ్ళు."

అదేదో తేల్చుకుందామని ఈ డిష్ పెట్టారు. అక్క లోచర్మాన్ని తిన్నగా పరిచింది. చెల్లెలు పైచర్మాన్ని వెనక్కి తిప్పి, తల ఉండాల్సిన చోటికి తోక వచ్చేట్టు కప్పాలి. ఈకలు ఎవరి మాట విని వాలితే వాళ్ళు గెలిచినట్టు. "నువ్వు కప్పుతూ ఉండు, చేతులు కడుక్కుని వస్తా" అని అక్క వరండాలోకి వెళ్ళింది.

అప్పుడే బయట ఏదో బరువుగా పడిన చప్పుడైంది. చెల్లెలి పట్టకారు కొసన పైచర్మం వేలాడుతోంది. గాలికి వదిలేస్తే ఆరిపోతుంది. అందుకని ముందు దాన్ని కప్పింది, ముడతలు సర్దింది, డిష్‌కి మూత పెట్టింది. ఆ తర్వాతే వెళ్ళింది. వెళ్ళేసరికి అక్క నేల మీద ఉంది.

మెదడులో నరం చిట్లిందన్నారు. ముందే వెళ్ళినా చేయగలిగిందేమీ లేదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చెల్లెలు తలాడించింది గానీ నమ్మలేదు. ఇంకెవరైనా అయితే చేతిలోది విసిరేసి పరిగెత్తేవాళ్ళు. చర్మం ఆరిపోతుందని ఆగడం ఆ ఇద్దరికే చెల్లింది. తనే పడిపోయుంటే అక్క కూడా ఆగేదని ఆమెకి తెలుసు. అది తల్చుకుంటే ఓదార్పుగా ఉండాల్సింది పోయి భయమేసేది.

పనిలోకి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ వరండాలో ఎవరు కుళాయి తిప్పినా ఆమె వీపు బిగుసుకుపోయేది. నీళ్ళు ఆగేవి. ఇప్పుడు అక్క చేతులు తుడుచుకుంటోంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ తలుపు వైపు చూడకుండా కూర్చునేది. ముంజేతుల మీద రోమాలు లేచి నిలబడేవి. ఒక్కో రోమం మొదట్లోనూ ఆ పాత సంభాషణే జరిగిందని గుర్తొచ్చి, చొక్కా చేతులు కిందికి లాక్కునేది.

మైక్రోస్కోప్ కూడా అక్క వదిలేసినట్టే ఉంది. అక్కది వెడల్పాటి మొహం, కళ్ళ మధ్య దూరం ఎక్కువ. ఆ దూరానికి పెట్టిన కంటిగొట్టాల్లోంచి చూస్తే చెల్లెలికి ప్రతి మొగ్గా రెండుగా, మసగ్గా కనిపించేది. గంటసేపు చూస్తే తల పగిలిపోయేది. అయినా వాటిని జరపలేదు. జరిపితే అక్క చూపు ఈ గదిలోంచి వెళ్ళిపోతుందని ఆమె భయం. చదువుకున్న మనిషికి అదేం పిచ్చి అంటే, పిచ్చే.

"అమ్మాయ్, ఆ డిష్ ఫిక్స్ చేశావా?" అని ల్యాబ్ నడిపే పెద్దాయన అడిగాడు.

"ఇంకా ముదరలేదు సార్."

అబద్ధం. అది ఎప్పుడో ముదిరింది. ఆయనకీ తెలుసు.

"డిష్‌లో చర్మం ఎంతకాలమని ఉంటుందమ్మా? మధ్యలోంచి కుళ్ళడం మొదలైందంటే ఇంక ఎటు వాలిందో ఎవరూ చెప్పలేరు. మీ అక్క అడిగింది అడిగినట్టే ఉండిపోతుంది." గొంతు తగ్గించాడు. "నీవల్ల కాకపోతే నేను పోస్తాలే."

"వద్దు సార్. మీరు ముట్టుకోవద్దు."

ఇంట్లో అమ్మ ఇంకోలా అడిగింది. "బల్ల మీద అక్కవేమన్నా ఉంటే తెచ్చిపెట్టవే. చేత్తో ముట్టుకున్నదేదైనా చాలు."

చెల్లెలికి డిష్ మాట నోటిదాకా వచ్చింది. "ఏమీ లేవమ్మా" అంది. అక్క చేతి కింద ఉండి ఇంకా ప్రాణంతో ఉన్నది లోకంలో ఆ ముక్క ఒక్కటే. దాన్ని సంచీలో వేసుకుని తేవడం కుదరదు.

మర్నాడు ద్రవం మార్చడానికి డిష్ బయటికి తీస్తే, ముక్క నడిమధ్యన ఆవగింజలంత నల్లచుక్కలు కనిపించాయి. కొత్తగా చేరిన విద్యార్థులకి అక్క చెప్పే పాఠం గుర్తొచ్చింది. ఈక మొదట ఒట్టి గొట్టం. తొలినాటి జంతువుల ఒంటి మీద అంతే ఉండేది, దానితో ఎగిరింది లేదు, వెచ్చగా పడుకున్నాయి. తర్వాత ఎప్పటికో ఆ గొట్టం లోపల కణాలు వరసలు కట్టడం నేర్చుకున్నాయి. వరసకీ వరసకీ మధ్య ఉన్న కణాలు చచ్చి అడ్డు తొలగుతాయి, అప్పుడు పాయలు విడి ఈక విచ్చుకుంటుంది. మిగిలిన కణాలు గట్టిపడి అవీ చస్తాయి. "పక్షి ఎగిరేది చచ్చిన కణాల మీదే. కాకపోతే అవి వేళకి చచ్చాయి" అనేది అక్క, చాక్‌పీసు దులుపుకుంటూ.

ఈ చుక్కలు వేళకి వచ్చిన చావు కాదు. ఇది తను పట్టుకుని కూర్చోవడం వల్ల వచ్చింది. అక్క పరిచిన దాన్ని బతికించుకుంటున్నాననుకుంటూ కుళ్ళబెడుతోంది. ఆ సంగతి తెలిశాక ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

డిష్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టింది. రెండు మసకలు. "కాస్త జరుగు అక్కా" అని పైకే అని, కంటిగొట్టాలు రెండూ పట్టుకుని తన కళ్ళ దూరానికి దగ్గరగా లాగింది. అవి బిగుసుకుపోయి ఉన్నాయి. కొంచెం గట్టిగా లాగాల్సి వచ్చింది.

రెండు మసకలూ ఒకటై మొగ్గలు తేటగా కనిపించాయి. చుక్కలకి అవతల, అంచుల వైపు, ఇంకా చెడలేదు. అక్క పరిచిన చోటల్లా మొగ్గలు ఉన్నాయి, నాటు వేసినట్టు వరసలు తీరి. ఆ వరసలు అక్కవే. ఇన్నాళ్ళూ మసకలో రెండు నీడలు ఒకదాని మీద ఒకటి పడి ఎటు వాలాయో తెలియలేదు గానీ, ఇప్పుడు తెలుస్తోంది. ప్రతి మొగ్గా తల దించుకుని, లోచర్మానికి ఎదురుగా, తిప్పి వేసిన పైచర్మం చెప్పిన వైపుకి వాలి ఉంది. గాట్లు రెండూ మళ్ళీ చూసింది. ఎదురెదురు మూలల్లోనే ఉన్నాయి. అనుమానం లేదు.

ద్రవం పీల్చేసి ఫార్మలిన్ పోసింది. గులాబీరంగు పోయింది. మొగ్గలు మెల్లగా తెల్లబడ్డాయి, వాలినవి వాలినట్టే ఉండిపోయాయి.

ఘాటు వాసనకి పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డిష్ చూశాడు, ఆమె మొహం చూశాడు.

"ఎవరమ్మా గెలిచింది?"

"నేనే సార్."

ఆయన మెల్లగా తలాడించాడు. ఫలితం బాగుందన్నాడు. వెంటనే ఒప్పుకున్నాడు, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

అక్క అయితే ఒప్పుకునేదా? చస్తే ఒప్పుకునేది కాదు. గాటు తప్పు అనేది, డిష్ తప్పు అనేది, అసలు నీకు కప్పడమే రాదనేది, ఇంకో పది డిష్‌లు పెట్టించేది, ఇంటికెళ్ళే దారంతా వాదించేది. చెల్లెలు బల్ల మీద తల వాల్చి, కాదు పోవే అనే ఆ ఒక్క మాట కోసం వెక్కివెక్కి ఏడ్చింది.